‘పడదు’ అంటే సరిపోదు

ఆ పొద్దున మా అక్క రుబ్బింది కొబ్బరి చట్నీ. కొబ్బరి, పచ్చిమిర్చి, గుప్పెడు పుట్నాల పప్పు, ఉప్పు. అంతే. నాలుగేళ్ల మనవడు మొదటి ఇడ్లీ తిని, రెండోది తుంచబోతూ ఆగి, "అమ్మమ్మా, నాలిక దురద" అన్నాడు. చూస్తుండగానే పై పెదవి ఉబ్బింది. దగ్గు పట్టుకుంది. గొంతు బొంగురుపోయి, వాడి మాట వాడిది కానట్టు వచ్చింది. పది నిమిషాల్లో రెండుసార్లు వాంతి చేసుకుని, వడలిన తోటకూర కాడలా అక్క భుజం మీదికి వాలిపోయాడు.

వాడికి పల్లీలు పడవని ఆ ఇంట్లో పనిమనిషి దాకా అందరికీ తెలుసు. ఆ చట్నీలో ఒక్క పల్లీ గింజ వెయ్యలేదు.

రెండ్రోజుల తర్వాత పిల్లాణ్ని ఇంటికి తెచ్చుకున్నాక, అక్క మిక్సీ జారు ముందేసుకుని కూర్చుంది. మూత లోపలి రబ్బరు రింగును చెంచా కాడతో పైకి లేపింది. ఆ గాడిలో గోధుమరంగు ముద్ద ఎండి అంటుకుపోయి ఉంది. ముందురోజు బావగారి దోసెల్లోకి రుబ్బిన పల్లీ చట్నీ అది. జారును ఆవిడ సబ్బుతో రెండుసార్లు కడిగింది. రింగు ఊడదీసి కడగాలని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. బ్లేడు కింద, ఇరుసు చుట్టూ కూడా అదే ముద్ద.

ఆహార అలర్జీ ఉన్న పిల్లలున్న ప్రతి ఇంటికీ, ఆ పిల్లల్ని భోజనానికి పిలిచే ప్రతి బంధువుకీ ఈ నాలుగు మాటలు హెచ్చరికగా రాస్తున్నాను. వంట సంగతి చాలా ఉంది. దానికంటే ముందు మందు సంగతి చెప్పాలి.

ఆరోజు దారిలో తగిలిన మొదటి నర్సింగ్ హోములో పిల్లాడికి ఎవిల్ ఇంజెక్షన్ చేసి, "తగ్గిపోతుందమ్మా, కాసేపు కూర్చోండి" అన్నారు. పావుగంట కూర్చున్నారు. తగ్గలేదు. గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. ఆటో ఎక్కి రెండో ఆసుపత్రికి పరుగెత్తితే, అక్కడి డ్యూటీ డాక్టరమ్మ ఒక్క చూపు చూసి, నిక్కరు పైకి లాగి తొడ బయటివైపు కండలో అడ్రినలిన్ ఇచ్చింది. కొద్ది నిమిషాల్లోనే పిల్లాడి ఊపిరి తేలికపడింది. ఆ పావుగంటను తల్చుకుంటే మా అక్కకు ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

ఈ తేడా ప్రతి తల్లికీ, ప్రతి బడి పంతులుకీ తెలిసి తీరాలి. ఎవిల్, సెట్రిజిన్ లాంటి మందులు దురదను, దద్దుర్లను తగ్గిస్తాయి. మూసుకుపోతున్న గొంతును తెరవవు. పడిపోతున్న రక్తపోటును నిలబెట్టవు. ఆ పని చేసేది అడ్రినలిన్ ఒక్కటే. అది కూడా ఆలస్యం కాకుండా పడాలి. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు పెదవులో నాలికో ఉబ్బినా, ఆగని దగ్గు వచ్చినా, గొంతు మారినా, పిల్లికూతలు వినపడినా, వాంతుల మీద వాంతులయినా, పిల్ల తెల్లగా పాలిపోయి మెత్తబడినా ఇక ఇంట్లో చేసే వైద్యం లేదు. ఒంటి మీద దద్దుర్లు రాలేదు కదా అని ధైర్యం తెచ్చుకోవద్దు, దద్దుర్లు లేకుండానే ప్రాణం మీదికి వచ్చిన పిల్లలున్నారు. గొంతులో వేలు పెట్టి కక్కించవద్దు. మజ్జిగ తాగించవద్దు. దిష్టి తియ్యాలనిపిస్తే పిల్ల ఇంటికొచ్చాక తియ్యండి. 108కి ఫోన్ చేసి, వచ్చేదాకా పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి. ఊపిరి అందక ఆయాసపడుతుంటే మాత్రం కూర్చోనివ్వండి. నడిపించవద్దు. ఒకసారి తగ్గాక గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టవచ్చు, కాబట్టి డాక్టరు ఉండమన్నంతసేపు ఆసుపత్రిలోనే ఉండండి. ఉబ్బసం ఉన్న పిల్లలైతే ఇంకా జాగ్రత్త, అది అదుపులో లేని పిల్లలకు ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది.

విదేశాల్లో పిల్లలు బళ్లోకి తీసుకెళ్లే పెన్ను లాంటి అడ్రినలిన్ ఇంజెక్షన్లు మన మందుల షాపుల్లో సులువుగా దొరకవు, దొరికినా ఖరీదు. కానీ అదే మందున్న చిన్న గాజు ఆంపూలు చాలా చవక. టీకాలు వేసేచోట ఏదైనా వికటిస్తే వాడటానికి దాన్ని ఉంచుతారు. మీ పిల్లకు ఒకసారి తీవ్రంగా వచ్చి ఉంటే, దాన్ని ఇంట్లో ఉంచుకోవాలా, ఎంత మోతాదు, ఎలా ఇవ్వాలి అన్నది డాక్టరు దగ్గర కూర్చుని నేర్చుకోండి. కాగితం మీద రాయించుకోండి.

ఇక ఆ ‘పడదు’ సంగతి.

మన భాషలో ఈ మాటకు బరువు లేదు. "నాకు వంకాయ పడదు" అంటే దురద అని. "గోంగూర పడదు" అంటే వేడి చేస్తుందని. "వాళ్లిద్దరికీ పడదు" అంటే మాటల్లేవని. ఇన్నిటికీ వాడి అరిగిపోయిన మాటనే తీసుకెళ్లి, "మావాడికి పల్లీలు పడవండీ" అని పెళ్లివారింట్లో చెప్తాం. విన్న పెద్దావిడ ఏమనుకుంటుంది? కడుపులో గడబిడ అవుతుందేమో, కొంచెమైతే ఏం కాదులే అనుకుంటుంది. ఆవిడ చెడ్డది కాదు. తన చేత్తో ఒక ముద్ద పెడితే గానీ పిల్ల తిన్నట్టు కాదని నమ్మే మనిషి. చెప్పవలసిన మాట మనం చెప్పలేదు. "పల్లీ నోట్లోకి పోతే వీడికి ఊపిరి ఆగుతుంది, పిన్నిగారూ" అని చెప్పాలి. పండగపూట అశుభం పలికినట్టుంటుందని నోరు రాదు. అయినా ఆ మాటలే వాడండి. ‘కొంచెమే కదా’ అనే మాటకు విరుగుడు అదే. బాగా పడని పిల్లకు గాడిలో మిగిలిన ముద్ద చాలు.

మాటల చిక్కు అక్కడితో ఆగదు. మన వంటింటి పేర్లే ఒక వల. ‘శనగ’ తీసుకోండి. శనగపప్పు, శనగపిండి వేరు, శనగనూనె వేరు. శనగనూనె అంటే పల్లీల నూనె. పల్లీలనే ఒకచోట వేరుశనగలంటారు, ఒకచోట శెనక్కాయలంటారు, కర్నూలు వైపు బుడ్డలంటారు. వంటాయన్ని "ఇందులో పల్లీలు వేశారా" అని అడిగితే ఆయన "లేదమ్మా" అంటాడు, నిజమే చెప్తాడు. వేయించింది మాత్రం శనగనూనెలో. ‘పప్పు’ ఇంకో చిక్కు. కంది, పెసర, జీడి, బాదం అన్నీ మనకు పప్పులే. కోస్తాలో పప్పునూనె అంటే నువ్వుల నూనె. నువ్వులు సరిపడని పిల్ల తల్లి పప్పునూనె అని విని, ఏదో పప్పు కదా అనుకుని ఊరుకుంటే? ‘మీల్ మేకర్’ అని మనం పిల్లల పలావులో వేసేది సోయా. ఆ పేరు విని అది సోయా అని పోల్చుకోలేనివాళ్లను నేను చాలామందిని చూశాను. అందుకే హోటల్లోనైనా, బంధువులింట్లోనైనా ఒక్క పేరుతో అడిగి ఆగిపోవద్దు. ఆ వస్తువుకున్న పేర్లన్నీ అడగండి, ఏ నూనె అని అడగండి, డబ్బా చూపించమనండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

నూనె గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఈమధ్య వచ్చిన ప్రమాదం. ఆరోగ్యానికి మంచిదని చాలా ఇళ్లు మళ్లీ గానుగ నూనెకు మారాయి. మామూలువాళ్లకు మంచిదే. అలర్జీ తెచ్చేది నూనెలోని కొవ్వు కాదు, గింజలోని ప్రోటీను. బాగా శుద్ధిచేసిన రిఫైన్డ్ పల్లీనూనెలో ఆ ప్రోటీను దాదాపు పోతుంది. గానుగ నూనెలో మిగిలే ఉంటుంది. అడుగున చేరే మడ్డిలో ఇంకా ఎక్కువ. ఏళ్ల తరబడి రిఫైన్డ్ నూనె తిని ఏమీ కాని పిల్లకు, నూనె మార్చిన వారంలో ఎందుకొచ్చిందో అర్థంకాక తల్లులు తల పట్టుకుంటారు. నువ్వుల నూనె అయితే చాలావరకు గానుగదే. ఆవకాయ చాలాచోట్ల దానితోనే పెడతారు, అందులో ఆవపిండి అదనం. నువ్వులకు, ఆవాలకు అలర్జీ ఉన్న పిల్లలున్నారు.

వేడిచేస్తే పోతుందనే నమ్మకం కూడా ఇళ్లల్లో బలంగా ఉంది. పోదు. పల్లీలను వేయిస్తే అలర్జీ తెచ్చే గుణం ఇంకా గట్టిపడుతుంది. పాలను ఎంత మరిగించినా అందులోని కేసిన్ చెక్కుచెదరదు. "ఆవుపాలు పడకపోతే మేకపాలు పట్టండి, తేలిక" అని చెప్పే పెద్దవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. ఆవుపాలకు అలర్జీ ఉన్న పిల్లల్లో చాలామందికి మేకపాలూ సరిపడవు, గేదెపాలూ సరిపడవు, ఆ ప్రోటీన్లు అన్నదమ్ముల్లాంటివి. పాలలోని చక్కెర అరగక కడుపుబ్బరం, విరేచనాలు రావడం వేరే జబ్బు. దానికోసం అమ్మే లాక్టోజ్ లేని పాలలో ప్రోటీను అంతా అలాగే ఉంటుంది. అవి తెచ్చి పాల అలర్జీ ఉన్న పిల్లకు పడితే నిప్పు పోసినట్టే. నెయ్యి కాచినా పాల ప్రోటీను ఛాయలు మిగులుతాయి. ఇంగువ డబ్బా తిప్పి చూడండి. మనం కొనేది చాలాసార్లు వట్టి ఇంగువ కాదు, మైదానో బియ్యప్పిండో జిగురో కలిపినది. గోధుమ తింటే పేగు దెబ్బతినే జబ్బున్న పిల్ల రోజూ పప్పుచారే తాగుతూ ఎందుకు కోలుకోవడం లేదో ఆ డబ్బా మీద రాసి ఉండొచ్చు.

ఇన్ని చెప్పాక వంట ఎలా అని అడుగుతారు. నా సలహా ఒక్కటే, దాని మీదే నిలబడతాను. పిల్లకు వేరే గిన్నె పెట్టకండి, ఇంటిల్లిపాదికీ ఒకే వంట వండండి. ఎవరికి ఏది పడకపోయినా ఆ వస్తువు ఆ ఇంట్లోకి రాకపోతే, రింగు కింద ఏముందో అని భయపడే పనుండదు. గరిటె మారిపోదు. పక్క కంచంలో ఉన్నది నాకెందుకు లేదు అని పిల్ల అడగదు. మనం తినేది మానుకోవడం పెద్ద త్యాగమని కొందరనుకుంటారు. మా అక్క ఇంట్లో బావగారు పల్లీ చట్నీ మానేశారు, ఆయనకు అరవై ఏళ్లుగా దోసెంటే పల్లీ చట్నీయే. మొదటి వారం గొణిగారు. ఇప్పుడు అల్లం చట్నీ ఆయనే రుబ్బుతున్నారు.

మన వంట ఇందుకు బాగా సహకరిస్తుంది. గోధుమ మానాలంటే ఉత్తరాది ఇల్లు కిందుమీదులవుతుంది. మనకు ఇడ్లీ ఉంది, పెసరట్టు ఉంది, జొన్నరొట్టె ఉంది, రాగి సంకటి ఉంది, అన్నం ఉండనే ఉంది. గుడ్డు మానాలంటే శనగపిండిలో టొమాటో, ఉల్లి వేసి పోసే అట్టును మన హోటళ్లు ఎప్పుడో ‘టొమాటో ఆమ్లెట్’ అన్నాయి. పల్లీలు మానాలంటే గుత్తి వంకాయలో ధనియాలు, ఎండుకొబ్బరి, ఎండుమిర్చి దంచిన కారం కూరండి, కాయ ఇంకా కమ్మగా మగ్గుతుంది. పులిహోరలో కరకరకు శనగపప్పు, మినప్పప్పు ఎర్రగా వేయించండి. ఆ పప్పులు మీ పిల్లకు సరిపడతాయో లేదో మాత్రం ముందు తేల్చుకోండి, మన దేశంలో శనగపిండికి అలర్జీ ఉన్నవాళ్లు కూడా కనిపిస్తారు.

కష్టమంతా పాలతోనే. తెలుగువాడి భోజనం పెరుగన్నంతో గానీ ముగియదు. పిల్ల ఎదురుగా పెరుగు కలుపుకుంటూ దానికి వద్దని చెప్పడం కష్టం. కొబ్బరిపాలు పోసి మెత్తగా కలిపిన అన్నంలో ఆవాలు, కరివేపాకు, అల్లం పోపు పెట్టి చివరి ముద్దలుగా పెట్టే ఇల్లు నాకు తెలుసు, పిల్ల దాన్ని ‘నా పెరుగన్నం’ అంటుంది. రుచి సంగతి అలా తీరుతుంది, సత్తువ సంగతి తీరదు. పాలు మాన్పిస్తే కాల్షియం, ప్రోటీను ఎక్కడినుంచి వస్తాయో లెక్క చూసుకోవాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. మునగాకులో మూడు వందలకు పైగా ఉంది. రాగి జావ, మునగాకు పప్పు వారంలో చాలాసార్లు రావాలి. అయినా ఏడాది లోపు పసివాళ్లకు ఇవి పాలకు బదులు కావు. వాళ్లకు తల్లిపాలు, లేదా డాక్టరు రాసిచ్చే ప్రత్యేకమైన పాలపొడి. గంజినీళ్లతో నెట్టుకు రావద్దు, పిల్ల ఎండిపోతుంది.

ఒకే వంట కుదరని ఉమ్మడి ఇళ్లుంటాయి. అక్కడ పిల్ల వంట మొదట చెయ్యండి, మూత పెట్టి పక్కన పెట్టండి, ఆ తర్వాతే మిగతాది ముట్టుకోండి. దానికి వేరే మిక్సీ జారు, వేరే గరిటె, వేరే జల్లెడ, వేరే చపాతీ కర్ర ఉండాలి. కర్ర సామాను, రోలు పీల్చుకున్నది వదలవు. అప్పడాలు వేయించిన నూనెలో పిల్లకు వడియాలు వేయించవద్దు. చేతులు సబ్బుతో, నీళ్లతో కడుక్కోండి. శానిటైజర్ రాసుకుంటే క్రిములు చస్తాయేమో గానీ పల్లీ ప్రోటీను చేతికే ఉంటుంది. అది తెలియక, తిని శానిటైజర్ రాసుకుని పిల్లను ఎత్తుకునేవాళ్లున్నారు.

గడప దాటితే మన చేతిలో ఉండేది తక్కువ. హైదరాబాదు బిర్యానీలో మాంసాన్ని నానబెట్టేది పెరుగులో. పక్కన పోసే మిర్చీ సాలన్‌లో పల్లీలు, నువ్వులు, కొబ్బరి మూడూ ఉంటాయి. హలీమ్‌లో గోధుమ. హోటల్ కూరల్లో ఆ చిక్కదనం చాలాచోట్ల జీడిపప్పు ముద్దది. పచ్చిగుడ్డు మయోనీజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించింది, గుడ్డు లేని రకాలు దొరుకుతాయి. గుడ్డు లేదన్నంత మాత్రాన అందరికీ నిశ్చింత కాదు, వాటిలో పాలపొడో సోయానో ఉండవచ్చు. మిర్చి బజ్జీ బండి దగ్గర ఒకే మూకుడులో ఏమేం మునిగాయో ఆ బండి అతనికే గుర్తుండదు. ఇలాంటి పిల్లను తీసుకుని బయట తినకపోవడమే మంచిదని నేను అనుకుంటాను. కనీసం పిల్ల డబ్బా ఇంటినుంచి పట్టుకెళ్లండి. పెళ్లిలోనైనా సరే, సిగ్గుపడొద్దు.

ప్రసాదం దగ్గర ఇంకా ఇబ్బంది. సత్యనారాయణ వ్రతం ప్రసాదంలో గోధుమ నూక, నెయ్యి ఉంటాయి. తిరుపతి లడ్డూలో శనగపిండి, నెయ్యి, జీడిపప్పు. నాగుల చవితికి చిమ్మిలి, సంక్రాంతికి నువ్వులద్దిన అరిసెలు. వద్దంటే దేవుణ్ని కాదన్నట్టవుతుందని పెద్దవాళ్లు భయపడతారు. కళ్లకద్దుకుని పక్కవారికి ఇవ్వండి. కొబ్బరి ముక్క పడితే కొబ్బరి, అరటిపండు పడితే అరటిపండు, అవీ ప్రసాదమే. దేవుడు పసిబిడ్డ ఊపిరిని పణంగా అడగడు.

బళ్లోకి పిల్లను పంపేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తున్న మధ్యాహ్న బడి భోజనంలో గుడ్డు, చిక్కీ ఉంటాయి. బక్కచిక్కిన పిల్లలకు అవి అమృతమే. చిక్కీ అంటే పల్లీలు, బెల్లం. అంగన్‌వాడీల్లో ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు ఇచ్చే బాలామృతంలో గోధుమలు, శనగపప్పు, పాలపొడి ఉంటాయి. ఈ పథకాలను వేలెత్తి చూపడం లేదు, ఇవి ఎన్నో పేద ఇళ్లను నిలబెట్టాయి. అడుగుతున్నది ఇంతే: చేరేటప్పుడే ‘ఈ పిల్లకు ఏది ప్రాణాంతకం’ అన్న గడి దరఖాస్తులో ఉండాలి. వండే ఆయమ్మకు ఆ పేరు, ఆ ముఖం తెలియాలి. ఆ పూట ఆ పిల్లకు బదులుగా ఇంకేదైనా పెట్టాలి, ఖాళీ కంచంతో కూర్చోబెట్టకూడదు. క్లాసులో పుట్టినరోజుకు కేకులు, చాక్లెట్లు పంచే అలవాటుకు బదులు పెన్సిళ్లు పంచమని ఏ బడి అయినా చెప్పొచ్చు, దానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు.

ప్రభుత్వం చెయ్యవలసింది వేరే ఉంది. 2020 నాటి ఆహార లేబుల్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు, పీతల జాతి, పాలు, గుడ్డు, చేప, పల్లీలు, చెట్టుగింజలు, సోయా, సల్ఫైట్లు ఉంటే పాకెట్ మీద విడిగా రాయాలి. ఆ జాబితాలో నువ్వులు లేవు, ఆవాలు లేవు. 2016లో లండన్‌కు చెందిన నటాషా ఎడ్నన్-లాపెరూజ్ అనే పదిహేనేళ్ల అమ్మాయి రొట్టె పిండిలో నువ్వులున్నాయని కవరు మీద రాయకపోవడం వల్ల చనిపోయింది. తల్లిదండ్రులు పోరాడితే 2021లో అక్కడ ఆమె పేరుతో చట్టం వచ్చింది. అమెరికా 2023 జనవరి నుంచి నువ్వుల్ని తప్పనిసరి జాబితాలో చేర్చింది. ఐరోపాలో నువ్వులూ ఆవాలూ రెండూ ఉన్నాయి. రోజూ ఆవాల పోపు, నువ్వుల పొడి తినే దేశంలోనే అవి జాబితాలో లేకపోవడం తప్పు. ఇంకా పెద్ద తప్పు భాషది. ఆ వివరాలు ఇంగ్లిషులోనో హిందీలోనో ఉంటే చాలని నిబంధన. తెలుగు తప్పనిసరి కాదు. మనవడికి బిస్కెట్ పాకెట్ విప్పేది అమ్మమ్మ. ఆవిడ రామాయణం అంతా తెలుగులో చదువుకున్న మనిషి, అయినా ఆ పాకెట్ మీద ‘పాలపొడి ఉంది’ అన్న ఒక్క ముక్క చదవలేదు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ దీన్ని కేంద్రం దగ్గర పట్టుబట్టాలి, వెంటనే.

ఇంత భయపెట్టాక, ఇంకో వైపు భయపడవద్దని కూడా చెప్పాలి. ఇదీ హెచ్చరికే. అనుమానం రాగానే ల్యాబుకెళ్లి వంద రకాల ఆహారాలకు ఒకేసారి రక్తపరీక్ష చేయించి, ఎర్రగా వచ్చినవన్నీ మాన్పించే తల్లిదండ్రులు పెరుగుతున్నారు. పరీక్షలో పాజిటివ్ రావడం వేరు, తింటే అలర్జీ రావడం వేరు. పక్క రాష్ట్రం కర్ణాటకలో పెద్దవాళ్ల మీద చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి ఇరవై ఆరుగురికి ఏదో ఒక ఆహారానికి రక్తపరీక్ష పాజిటివ్‌గా వచ్చింది. ఆహార అలర్జీ ఉండొచ్చని తేలింది మాత్రం నూటికి ఒకరికి కాస్త పైన. ఆ కాగితం చూసి పాలు, గుడ్డు, గోధుమ, పప్పు అన్నీ ఆపేస్తే పిల్ల బతికేది దేని మీద? ఎదుగుదల ఆగిన పిల్లల్ని చూశాను, వాళ్లకు అసలు అలర్జీయే లేదు. ఏం తిన్నప్పుడు, ఎంతసేపటికి, ఏం జరిగింది అన్నది రాసి పెట్టుకుని అలర్జీ తెలిసిన పిల్లల డాక్టరుకు చూపండి. ఇంట్లో కొంచెం పెట్టి చూద్దామని ప్రయోగం మాత్రం చెయ్యకండి. బాగా కాల్చిన కేకులో గుడ్డు, పాలు తట్టుకునే పిల్లలు చాలామంది ఉంటారు, అది తేల్చవలసింది ఆసుపత్రిలోనే.

అలాగే పల్లీలు మూడేళ్లదాకా, గుడ్డు రెండేళ్లదాకా పిల్లకు ముట్టించకూడదన్న పాత సలహా వదిలేయండి. బ్రిటన్‌లో ముప్పు ఎక్కువున్న 640 మంది పసివాళ్లతో చేసి 2015లో ప్రచురించిన పరీక్షలో, మొదటి ఏడాదిలోనే పల్లీ తినడం మొదలుపెట్టినవాళ్లలో అయిదేళ్లకు పల్లీ అలర్జీ నూటికి ఎనభై వంతులు తగ్గింది. అన్నప్రాశన అయ్యాక మెత్తని పల్లీ పొడి జావలో కలిపి పెట్టొచ్చు. గింజ మాత్రం పెట్టకండి, గొంతులో అడ్డుపడుతుంది. ఒళ్లంతా పగిలే ఎగ్జిమా ఉన్న బిడ్డకు, గుడ్డు తిని ఒకసారి అలర్జీ వచ్చిన బిడ్డకు ముందు డాక్టర్ని అడగాలి. ఆ ఎగ్జిమా ఉన్న ఒంటికే శనగపిండి నలుగు, నువ్వుల నూనె మర్దన చేసే ఇళ్లకు ఒక మాట. పగిలిన చర్మం ద్వారా లోపలికి వెళ్లిన ఆహారాన్నే ఒళ్లు శత్రువుగా గుర్తుపెట్టుకుంటుందని ఇప్పుడు వైద్యులు గట్టిగా అనుమానిస్తున్నారు. చర్మం మానేదాకా ఆ నలుగు ఆపండి.

"మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?" అని అడుగుతారు. ఉండి ఉంటాయి. పాలు తాగి నీలిరంగు తిరిగిన బిడ్డకు గాలి సోకిందన్నారు, దిష్టి తగిలిందన్నారు. పేరు పెట్టలేదు, అంతే. ఇప్పుడు పేరుంది, మందుంది.

అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి కారప్పొడులు, సున్నుండలు మూటగట్టుకుని వెళ్లే అమ్మలకు కూడా ఇది వర్తిస్తుంది. అక్కడి బళ్లో మీ మనవరాలి పక్కన పల్లీ అలర్జీ ఉన్న పిల్ల కూర్చోవచ్చు. డబ్బాలో పెట్టేముందు మీ అమ్మాయిని అడగండి.

ఇంట్లో పల్లీలు మానేసినా, మా అక్క ఇప్పుడు మనవడి జారుకు పిడి మీద ఎర్రటి నెయిల్ పాలిష్‌తో పెద్ద చుక్క పెట్టింది. ఫ్రిజ్ తలుపు మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక కాగితం అతికించింది. వాడి పేరు, బరువు, ఏం తింటే ప్రమాదం, ఏం కనిపిస్తే పరుగెత్తాలి, అడ్రినలిన్ ఇచ్చే ఆసుపత్రి ఏది, ఎన్ని నిమిషాల దూరం. ఆ చివరి గడి నింపడానికి ఆవిడ చుట్టుపక్కల ఆసుపత్రులన్నిటికీ ఫోన్ చేసి, "మీ దగ్గర అడ్రినలిన్ ఉందా? రాత్రిపూట ఇచ్చే మనిషి ఉంటారా?" అని అడిగింది. మూడో ఫోన్‌లో గానీ ‘ఉంది’ అన్న మాట వినపడలేదు. మీ ఇంటికి దగ్గర్లో అది ఎక్కడుందో మీకు తెలుసా? తెలియకపోతే ఈ కాగితం పక్కన పెట్టి ఇప్పుడే ఫోన్ చెయ్యండి.